వెబ్ సిరీస్ కోసం విజయనగరం వెళ్తే...

గిరీశం పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. కానీ మన వయసు వాళ్లలో ‘కన్యాశుల్కం’ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి ఇంటర్‌లో, లైబ్రరీలో వేరే పుస్తకం దొరక్క. మిగతా రెండుసార్లు ఈ మధ్యే, ఒక పని మీద.

ఆ పనేంటంటే... మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో ఒకడు కోడింగ్ వదిలేసి సినిమాల్లోకి వెళ్లాడు. ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఒక టీమ్‌తో కూర్చుని వెబ్ సిరీస్‌లకి స్క్రిప్టులు రాస్తుంటాడు. నాలుగు నెలల కిందట ఫోన్ చేశాడు. ‘ఒరేయ్, కన్యాశుల్కం వెబ్ సిరీస్‌గా తీద్దామని పిచ్ చేస్తున్నాం. ఎనిమిది ఎపిసోడ్లు. నువ్వు అటువైపు వాడివే కదా. ఊళ్లు తిరిగి లొకేషన్లు చూసి, యాస మీద ఒక నోట్ రాసి పంపు’ అన్నాడు.

అటువైపు వాణ్ణే. మాది రాజాం దగ్గర పల్లె. నేను పుట్టినప్పుడు మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు మారాక విజయనగరం జిల్లాలోకి వచ్చింది. కదలకుండా కూర్చున్న చోటే జిల్లా మారిపోయింది కాబట్టి రెండు జిల్లాల గురించీ మాట్లాడే హక్కు నాకుంది!

వాడు పంపిన పిచ్ ఫైల్ తెరిచాను. మొదటి స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో ‘ప్రేమ, విప్లవం. మన డాక్టర్ జివాగో’ అని ఉంది. చివరి స్లైడ్‌లో నిర్మాత వైపు నుంచి వచ్చిన కామెంట్ ఒకటి ఉంది: యాస తగ్గించండి, అందరికీ అర్థం కాదు, కామెడీ పాత్రలకి ఉంచితే చాలు.

ఆ కామెంట్ దగ్గర ఆగిపోయాను. హైదరాబాద్‌లో ఐదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో నోరు జారి ‘ఏటి?’ అంటే చాలు, పక్క సీటు వాడు ఏదో సినిమా కామెడీ సీన్ గుర్తు చేస్తాడు. తెర మీద మా మాట వినబడిందంటే ఆ మనిషి పనివాడో, అమాయకుడో, నవ్వించేవాడో అయ్యుంటాడు. హీరో మాట్లాడడు. లాయర్ మాట్లాడడు. ప్రేమించేవాళ్లు అసలే మాట్లాడరు. అలాంటిది విజయనగరంలో పుట్టిన నాటకానికే యాస తగ్గించమంటే ఎలా? నాలుగు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

జివాగోకి ఏమైంది?

రైల్లో పడుకునే ముందు ఆ జివాగో పోలిక సంగతేంటో చూద్దామనుకున్నాను. బోరిస్ పాస్టర్నాక్ రాసిన ‘డాక్టర్ జివాగో’ రష్యన్ నవల. విప్లవం నడుమ ఒక డాక్టరు, ఆయనే కవి, ఆయన ప్రేమ. సోవియట్ యూనియన్‌లో అచ్చు వెయ్యనివ్వలేదు. 1957లో ఇటలీలో వచ్చింది. 1958లో నోబెల్ ప్రకటిస్తే, ఒత్తిడి తట్టుకోలేక పాస్టర్నాక్ వద్దనాల్సి వచ్చింది. సొంత దేశంలో పత్రికలో అచ్చయ్యేసరికి 1988.

ఈ నవలని తెరకెక్కించిన తీరు చూస్తే మనకి పనికొచ్చే పాఠం ఒకటుంది. 1965లో డేవిడ్ లీన్ సినిమా తీశాడు. మూడు గంటల పైనే ఉంటుంది. రష్యాలో తీసే వీల్లేదు కాబట్టి ఎక్కువ భాగం స్పెయిన్‌లో తీశారు. 2002లో బ్రిటన్‌లో టీవీ సిరీస్ వచ్చింది. 2006లో రష్యా వాళ్లే 11 ఎపిసోడ్లుగా తీసుకున్నారు. లీన్ సినిమాలో మంచు, రైలు, లారా పేరు మీద కట్టిన సంగీతం... ఇవన్నీ కళ్ల ముందు నిలిచిపోతాయి. కానీ హీరో కవి. నవల చివర్లో ఆయన కవితలే ఒక భాగంగా ఉంటాయి. సినిమా చూసి బయటికొచ్చినవాడికి ఆ కవి కళ్లు గుర్తుంటాయి కానీ కవిత గుర్తుండదు.

అంటే తెరకెక్కించేటప్పుడు కథ మిగులుతుంది, ప్రేమ మిగులుతుంది. మొదట జారిపోయేది మాట. జివాగోలో మాట జారిపోయినా చూడ్డానికి చాలా మిగిలింది. ‘కన్యాశుల్కం’లో అలా కుదరదు. అక్కడ యుద్ధాలు లేవు, మంచు లేదు. మనుషులు కూర్చుని మాట్లాడతారు, అంతే. అందులో ప్రేమైనా, విప్లవమైనా ఆ మాటల్లోనే ఉంది.

బొంకుల దిబ్బ దాకా

విజయనగరం స్టేషన్లో దిగి ఆటో ఎక్కాను. ‘ఎక్కడికెల్లాల బాబూ?’ అన్నాడు ఆటో ఆయన. బొంకుల దిబ్బ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, ‘అక్కడేటుంది?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

మూడు లాంతర్లు, ఘంటస్తంభం, కోట. ఈ ఊరిని చూడాలంటే ఈ మూడు పేర్లు గుర్తుంటే చాలు. కోట 1713లో మొదలైందని చెప్తారు. లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. కోట దగ్గరే బొంకుల దిబ్బ. నాటకం తెర లేచేది ఇక్కడే. అప్పులవాళ్లకి మొహం చాటేసి ఊరొదిలి పోవాలని చూస్తూ గిరీశం మనకి మొదట కనబడేది ఈ చోటే.

నేను వెళ్లేసరికి ఉదయం పది దాటింది. బళ్లు, బైకులు, బేరాలు. టీ కొట్టు దగ్గర ఒకావిడని ‘బొంకుల దిబ్బంటే ఇదేనా?’ అని అడిగితే, ‘ఇదే కాదేటి, నిలబడ్డావు కదా’ అంది. లొకేషన్ పరంగా చెప్పాలంటే ఇక్కడ 1890ల సీను తియ్యలేం. కరెంటు వైర్లు, ఫ్లెక్సీలు, సెల్ టవర్లు అన్నీ చెరపాలంటే గ్రాఫిక్స్‌కే బడ్జెట్ అయిపోతుంది. కానీ అరగంట నిలబడి చెవులు తెరుచుకుంటే వేరే సంగతి తెలుస్తుంది. ఫోన్లో అప్పు వాయిదా అడిగేవాడు, రేపిస్తానని నమ్మబలికేవాడు, మధ్యలో ఇంగ్లీషు ముక్కలేసి గొప్పలు పోయే కాలేజీ కుర్రాడు. గిరీశాన్ని వెతకడానికి సెట్టు అక్కర్లేదు.

నిజానికి మన జనరేషన్‌కి బాగా దగ్గరగా ఉండే పాత్ర గిరీశమే. తెలుగు వాక్యంలో ఇంగ్లీషు కలిపి ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించడం ఆయన స్పెషాలిటీ. మా ఆఫీసు మీటింగుల్లో రోజూ వినేదే! నూటపాతికేళ్ల కిందట రాసిన పాత్ర వీడియో కాల్‌లో కనబడుతోందంటే రాసినాయన చెవి ఎంత పదునైందో ఆలోచించండి.

1,034 పెళ్లిళ్లు

అక్కణ్ణుంచి గురజాడ అప్పారావు గారి ఇంటికి వెళ్లాను. ఇప్పుడది స్మారక భవనం. 1862లో విశాఖ జిల్లా రాయవరంలో పుట్టి, చీపురుపల్లిలో చిన్నతనం గడిపి, విజయనగరం మహారాజా కాలేజీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, సంస్థానంలో ఉద్యోగం చేసి, 1915 నవంబర్ 30న కన్నుమూశారు. ఆయన జీవితమంతా దాదాపు ఈ చుట్టుపక్కలే.

ఈ ఇంట్లో నిలబడి ఫోన్లో ఒక విషయం మళ్లీ చదివాను. నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. ఆ పుస్తకానికి గురజాడ ఇంగ్లీషులో ముందుమాట రాశారు. అందులో ఒక లెక్క ఉంది. అప్పటి మహారాజు ఆనందగజపతి, విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన ఆడపిల్లల పెళ్లిళ్ల జాబితా తీయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. ఏడాదికి సగటున 344. అందులో ఏడాది వయసున్న పిల్లలు ముగ్గురున్నారు. వాళ్ల ఖరీదు ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

డేటాతో పని చేసేవాణ్ణి కాబట్టి నాకు ఇది వేరేగా తగిలింది. ఈ నాటకం ఒక కవిగారి ఊహలోంచి ఊడిపడలేదు. దీని వెనక ఒక సర్వే ఉంది, ఒక టేబుల్ ఉంది. ఆ టేబుల్లో ఒక వరసని మనిషిగా మారిస్తే సుబ్బి. ముసలి లుబ్ధావధాన్లుకి అగ్నిహోత్రావధాన్లు అమ్మబోయిన చిన్న కూతురు. ఆయన పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే విధవ. అంటే సుబ్బికి రాబోయేది ఏమిటో ఆ ఇంట్లో అందరికీ కళ్లెదురుగానే కనబడుతోంది. అయినా బేరం ఆగదు. ఇది కామెడీ అని మనకి చెప్పారు. నవ్వుతాం కూడా. నవ్విన ప్రతిసారీ ఆ టేబుల్ గుర్తుంచుకుంటే కడుపులో తిప్పుతుంది.

ఇంతకీ ఇందులో ప్రేమెక్కడ?

పిచ్ ఫైల్లో లవ్ ట్రాక్ కింద గిరీశం, బుచ్చమ్మ పేర్లు రాశారు. ఇది ప్రమాదం. గిరీశం బుచ్చమ్మకి చెప్పే సంస్కరణ కబుర్లన్నీ ఎత్తుగడలే. వితంతు వివాహం అనే పెద్ద మాటని ఆస్తి కోసం, అవసరం కోసం వాడుకునే మనిషి అతను. దాన్ని ప్రేమకథగా తీస్తే గురజాడ వెక్కిరించిందాన్నే మనం పోస్టర్ మీద వేసినట్టు.

నాకు కనబడ్డ ప్రేమ వేరే చోట ఉంది. కూతుర్ని ముసలాడికి ఇవ్వడానికి వీల్లేదని తల్లి వెంకమ్మ పడే ఆరాటం. అక్కచెల్లెలి కోసం కరటకశాస్త్రి వేసే ఎత్తు, శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకి ఇచ్చి పెళ్లి చెయ్యడం. అన్నిటికంటే ముఖ్యంగా మధురవాణి. సమాజం గుమ్మం బయట నిలబెట్టిన మనిషి, తనకేమీ కాని ఒక చిన్నపిల్లని కాపాడ్డానికి ఆ ఎత్తులో చెయ్యి కలుపుతుంది. చివరికి పెద్దమనిషి సౌజన్యారావు పంతులికే మంచితనమంటే ఏమిటో ప్రశ్నలేసి ఆలోచింపజేస్తుంది. ప్రేమ, విప్లవం రెండూ ఒకే మనిషిలో కావాలంటే ఆవిడే హీరో.

1955లో పి.పుల్లయ్య గారి సినిమాలో మధురవాణిగా సావిత్రి వేశారు. గిరీశంగా ఎన్టీఆర్, బుచ్చమ్మగా షావుకారు జానకి, లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు, రామప్పపంతులుగా సీఎస్సార్. సంగీతం ఘంటసాల. ఇక్కడో సరదా సంగతి. ఆ ఘంటసాల సంగీతం నేర్చుకున్నది ఇదే విజయనగరం సంగీత కళాశాలలో. ఆ సినిమాలో పాడిన పి.సుశీల పుట్టి పెరిగిందీ ఇదే ఊరు. సినిమా మద్రాసులో తయారైనా ఊరు గొంతు దాంట్లో ఇలా దూరింది. తర్వాత టీవీలోనూ ఎపిసోడ్లుగా వచ్చింది. అంటే మావాడు చెయ్యబోయేది మొదటి ప్రయత్నమేం కాదు. 1909లో పెంచి రాసిన నాటకాన్ని ఉన్నదున్నట్టు ఆడాలంటే ఒక రాత్రి సరిపోదు. అందుకే స్టేజి మీద ఎప్పుడూ కుదించే ఆడారు. ఎనిమిది ఎపిసోడ్లంటే మొదటిసారి కుదించక్కర్లేని అవకాశం. దాన్ని పట్టుకుని యాస తగ్గించమంటే ఏం లాభం?

పొందూరు మీదుగా

రెండో రోజు విజయనగరంలో ప్యాసింజర్ ఎక్కాను. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు, దూసి, శ్రీకాకుళం రోడ్. ఈ రూట్లో ఎక్స్‌ప్రెస్ ఎక్కకండి, వినాల్సినవి మిస్సవుతారు. నా ఎదురు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు ఎవరిదో పెళ్లి గురించి ఊసులాడుకుంటున్నారు. కట్నం ఎంత, బంగారం ఎంత, గుంట ఏం చదివింది, గుంటడు ఏం చేస్తున్నాడు. చీపురుపల్లి దాకా ఇదే బేరం. అప్పుడు పిల్ల తండ్రికి డబ్బు వచ్చేది, ఇప్పుడు పిల్ల తండ్రి డబ్బు ఇస్తున్నాడు. బాణం గుర్తు తిరగబడింది, లెక్క అలాగే ఉంది.

పొందూరులో దిగాను. ఖద్దరు కోసం. ఇక్కడ దూదిని శుభ్రం చెయ్యడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ చిన్న చిన్న పళ్లే దువ్వెన. అంత సన్నని నూలు రావడానికి కారణం అదీ, చేతులూ. కాస్ట్యూమ్స్ వాళ్లకి నోట్ రాసుకున్నాను: సౌజన్యారావు పంతులు ఉత్తరీయం ఇక్కడ నేయించండి, ఆన్‌లైన్లో కొనకండి.

శ్రీకాకుళం చేరి, మర్నాడు పొద్దున్నే శ్రీముఖలింగం బస్సెక్కాను. వంశధార ఒడ్డున తూర్పు గంగుల కాలం నాటి గుళ్లు. మధుకేశ్వరాలయం రాళ్ల మీద చెక్కడాలు చూస్తూ ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. కానీ నేను వచ్చింది గుడి కోసం మాత్రమే కాదు. దీనికి దగ్గర్లోనే పర్వతాలపేట. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న పుట్టిన ఊరు. ఏటా ఆగస్టు 29న మనం స్టేటస్‌లు పెట్టుకునే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే.

గిడుగు, గురజాడ విజయనగరంలో క్లాస్‌మేట్స్. ఒకరు ఏడాది తేడాతో ఇంకొకరు పుట్టారు. ఇద్దరూ కలిసి పట్టుకున్న విషయం ఒకటే: జనం మాట్లాడే తెలుగు పుస్తకంలో ఎందుకు ఉండకూడదు? ఇప్పుడు మనకి ఇది ప్రశ్నే కాదు. అప్పుడు ఇదే పెద్ద యుద్ధం. పండితులు గ్రాంథికం తప్ప ఇంకోటి ఒప్పుకోరు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. 1919లో గిడుగు ‘తెలుగు’ అనే పత్రికే పెట్టారు. అంతకు ముందే పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం సొంత ఖర్చుతో బడి నడిపి, సవర భాషలో పుస్తకాలు రాసిన మనిషి ఆయన. తక్కువ భాష, ఎక్కువ భాష అని ఉండదని మాటల్లో కాదు, చేతల్లో చూపించారు.

శ్రీకాకుళం, విప్లవం అనే రెండు మాటలు పక్కపక్కన పెడితే చాలామందికి 1967 నుంచి 1970 దాకా నడిచిన గిరిజన పోరాటం గుర్తొస్తుంది. దాని రాజకీయం మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. కానీ ఆ రోజుల్లో సుబ్బారావు పాణిగ్రాహి తన కథని జనంలోకి తీసుకెళ్లడానికి ఎంచుకున్నది జముకుల కథ. ఈ ప్రాంతపు పల్లె కళ, ఈ ప్రాంతపు మాట. ఇక్కడ ఏ పెద్ద మార్పు కోసం ప్రయత్నించిన వాళ్లైనా ముందు మాట దగ్గరికే వచ్చారు. గురజాడకి నాటకం, గిడుగుకి పత్రిక, పాణిగ్రాహికి జముకు.

‘శంకరాభరణం’ శంకరశాస్త్రి గుర్తున్నారు కదా? జె.వి.సోమయాజులు గారు శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. ఆయన, తమ్ముడు రమణమూర్తి ‘కన్యాశుల్కం’ని ఊరూరా ఆడారు. అన్న రామప్పపంతులు, తమ్ముడు గిరీశం. సినిమాలో అంత గంభీరంగా కూర్చున్న మనిషి స్టేజి మీద రామప్పపంతులుగా జనాన్ని నవ్వించారంటే నాకు భలే ఆశ్చర్యంగా అనిపించింది. ఆ పాత్రలు వాళ్లకి కుదరడానికి నటన ఒక్కటే కారణం కాదనుకుంటాను. ఆ మాట వాళ్లింట్లో ఉంది.

యాస ఒకటి కాదు

రాత్రి శ్రీకాకుళం లాడ్జిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఒక షీట్ చేశాను. పాత్ర, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఎలా మాట్లాడుతున్నారు. నాలుగు కాలమ్స్. నింపుతుంటే తెలిసింది, ‘యాస తగ్గించండి’ అనే కామెంటే తప్పు ప్రశ్న అని. ఈ నాటకంలో ఒక యాస లేదు. అగ్రహారం మాట వేరు, పట్నం మాట వేరు, పనివాడు అసిరి మాట వేరు, పోలిశెట్టి మాట వేరు, గిరీశం ఇంగ్లీషు తెలుగు వేరు. మధురవాణి అయితే ఎదుటి మనిషిని బట్టి మాట మారుస్తుంది. రామప్పపంతులితో ఒకలా, సౌజన్యారావుతో ఒకలా. మగవాళ్లంతా డబ్బుతో, పరపతితో పనులు చేయించుకుంటుంటే ఆవిడ చేతిలో ఉన్న ఆయుధం మాటొక్కటే. అందరికీ ఒకే న్యూట్రల్ తెలుగు పెట్టేస్తే ఆ ఆయుధం లాగేసుకున్నట్టే. అసిరికి ఒక్కడికే యాస ఉంచితే ఇంకా ఘోరం. గురజాడ అందరినీ వాళ్ల వాళ్ల మాటల్లోనే నిలబెట్టారు. మనం ఒక్క పనివాణ్ణే ‘యాసవాడు’ చేస్తాం.

అర్థం కాదంటారా? కొరియన్ సిరీస్‌లు అర్ధరాత్రి దాకా సబ్‌టైటిల్స్‌తో చూస్తున్నాం. రాయలసీమ, తెలంగాణ మాటలతో హీరోలు మాట్లాడితే సినిమాలు ఆడుతున్నాయి. విజయనగరం మాట మాత్రం అర్థం కాకుండా పోతుందా?

నాయనమ్మ ఎపిసోడ్

మూడో రోజు రాజాం బస్సెక్కి మా ఊరెళ్లాను. మా నాయనమ్మకి ఎనభై దాటాయి. చదువు రాదు. సాయంత్రం వీధి అరుగు మీద కూర్చోబెట్టి, సుబ్బి పెళ్లి మాట వచ్చే భాగం పైకి చదివాను. చెవికి పరీక్ష పెడదామని. ఒక్క చోట కూడా ‘ఏటన్నావు?’ అని అడగలేదు. అగ్నిహోత్రావధాన్లు కోపం వచ్చిన చోట నవ్వింది. వెంకమ్మ ఏడుపు వచ్చిన చోట ఊరుకుంది. కాసేపాగి ఇలా అంది:

‘ఓలి ఇచ్చీ సేసుకోడం తప్పేటి? మా యమ్మకీ ఓలి ఇచ్చే సేసుకున్నాడు మా అయ్య. సంటిపిల్లని ముసిలోడికి ఇచ్చీడం తప్పుగాని.’

నేను ఆశ్చర్యపోయాను. కన్యాశుల్కాన్ని మా ఇళ్లల్లో ఓలి అంటారని అప్పుడు తెలిసింది. పుస్తకంలో అగ్రహారం సమస్యగా చదివింది మా ఇంట్లోనే ఇంకో పేరుతో ఉంది. కానీ ఒకటి కాదు. మా రైతు కుటుంబాల్లో పిల్ల వస్తే పొలానికి రెండు చేతులు వస్తాయి, ఆ ఇంటికి రెండు చేతులు తగ్గుతాయి. దానికి ఇచ్చేది ఓలి. బుచ్చమ్మ సంగతి చెప్పి, విధవలకి మళ్లీ పెళ్లి చెయ్యడమే పెద్ద గొడవయ్యిందని చెప్పాను. నాయనమ్మ నన్ను జాలిగా చూసింది.

‘మా కాడ మొగుడు పోతే మారుమనువు ఎల్లీవోరు. ఊరోళ్లు ఒప్పీసుకునేవోరు. ఆ అగ్రారమోళ్లకి అదీ నేదా? పాపం గుంట!’

ఆ ‘పాపం గుంట’ నాకు ఏ వ్యాసంలోనూ దొరకని మాట. సంస్కర్తలు ఉపన్యాసాలిచ్చి, పుస్తకాలు రాసి, కోర్టుల దాకా వెళ్లి తేవాలనుకున్న మార్పు, పక్క ఊళ్లో చదువు రాని మనుషులకి మామూలు ఆచారం. విప్లవం ఎవరికి అవసరమయ్యింది, ఎవరికి అక్కర్లేకపోయింది అన్నది ఆవిడ రెండు వాక్యాల్లో తేల్చేసింది. వెబ్ సిరీస్ కొత్తగా ఏదైనా చెప్పాలనుకుంటే ఇక్కడుంది. అసిరి ఇంట్లో ఆడవాళ్లు బుచ్చమ్మని చూసి ఏమనుకుని ఉంటారు? ఆ సీను గురజాడ రాయలేదు. మనం రాయొచ్చు. కానీ న్యూట్రల్ తెలుగులో మాత్రం రాయలేం. ‘పాపం ఆ అమ్మాయి’ అంటే అందులో మారుమనువు వినబడదు.

పంపిన నోట్

హైదరాబాద్ తిరిగొచ్చి మావాడికి నోట్ పంపాను. లవ్ ట్రాక్ గిరీశానికి ఇవ్వొద్దు, మధురవాణికి ఇవ్వండి. బొంకుల దిబ్బ సెట్ వేసుకోండి, కానీ జూనియర్ ఆర్టిస్టులని మాత్రం విజయనగరం నుంచే తీసుకోండి. యాస తగ్గించొద్దు, పెంచొద్దు, ఎవరిది వాళ్లకి ఇవ్వండి. కింద షీట్ లింక్ పెట్టాను. దాంతోపాటు నాయనమ్మని అడిగి, ఆవిడ సరేనన్నాక, ఆ సాయంత్రం ఫోన్లో రికార్డ్ చేసిన ఆడియో కూడా జతచేశాను. నాలుగు నిమిషాలు.

సిరీస్ వస్తుందో రాదో తెలీదు. ఈ రంగంలో పిచ్‌లు ఎన్ని వెళ్తాయో, ఎన్ని తిరిగొస్తాయో మావాడే చెప్తుంటాడు. వచ్చేదాకా ఆగక్కర్లేదు. విశాఖ నుంచి విజయనగరం రోడ్డు మీద 60 కిలోమీటర్లే. ఒక వీకెండ్ చాలు. పుస్తకం తీసుకెళ్లండి, ఎవరైనా పెద్దవాళ్లుంటే పైకి చదివి వినిపించండి. మనసులో చదువుకుంటే సగమే వినబడుతుంది.

పోయిన వారం మావాడు ఫోన్ చేశాడు. నోట్ ఎవరు చదివారో తెలీదు కానీ ఆడియో మాత్రం మీటింగులో అందరూ విన్నారట, రెండుసార్లు. అర్థం కాలేదని ఎవరూ అనలేదట. ‘అసిరి వాళ్లమ్మ పాత్రకి ఈవిడ గొంతు బావుంటుంది, అడుగుతావా?’ అన్నాడు.

అడిగాను. వరికోతలు అయినాక సూద్దారి అంది.